కొల్లేట్లో ఎర్ర చుక్క

ఒక చేపల చెరువుని, ఆరుగురు వలవాళ్ళని, ఒక కాపలాదారుని, ఒక స్కూలు కరస్పాండెంటు గారిని, ఆరిళ్ళ చుట్టాలని ఒకే ఒక్క పూటలో హడలెత్తించిన మనిషి మీకెవరైనా తెలుసా? తెలియకపోతే ఇప్పుడు తెలుస్తుంది. ఆ మనిషిని నేనే. పైగా ఆ రోజు ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు జడ నున్నగా దువ్వుకుని, సున్నుండల డబ్బా సంచిలో సర్దుకుని, గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూసుకుని మరీ కదిలాను. ఇంత జాగ్రత్త గల మనిషి వల్ల అంత గొడవ జరుగుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు చెప్పండి.

రెండేళ్ళ కిందటి మాట. మాది తాడేపల్లిగూడెం. మా అమ్మాయి లాస్య అప్పుడు మూడో తరగతి. మావారికి ఏలూరులో ఉద్యోగం. పొద్దున్న రైలుకి వెళ్ళి చీకటిపడ్డాక వస్తారు. అందుచేత ఇంట్లో పిల్ల గురించి భయపడే పనంతా నా ఒక్కదాని మీదే పడింది. ఆ పనిలో నేను ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసినదాన్ని. ఏ ప్రమాదం జరగడానికి ఎంత అవకాశముందో లెక్కకట్టడం నాకు వచ్చు. లాస్య స్కూలుకి వెళ్ళిన రోజున మాత్రం నా లెక్కలో అన్ని ప్రమాదాలకీ నూటికి నూరే వచ్చేది.

ఆ ఏడు వాళ్ళ స్కూల్లోకి ఒక బిళ్ళ వచ్చింది. అగ్గిపెట్టంత ఉంటుంది. పిల్ల మెళ్ళో వేలాడదీస్తే రెండు నిమిషాలకోసారి దానంతటదే ఎదురుగా ఉన్నదాన్ని ఫోటో తీసి, పిల్ల ఎక్కడుందో మ్యాపు మీద ఎర్ర చుక్క పెట్టి, రెండూ కలిపి ఇంటివాళ్ళ ఫోనుకి పంపుతుంది. పిల్లలు చుట్టూ ఉన్న ప్రపంచాన్ని గమనించి ప్రాజెక్టులు చెయ్యడానికి బాగా పనికొస్తుందని కరస్పాండెంటు గారు మీటింగులో చెప్పారు. ఇష్టమైనవాళ్ళే తీసుకోండి, బలవంతమేమీ లేదని ఆయన అంటూ ఉండగానే నేను లేచి నిలబడ్డాను. నా తర్వాత ఇంకో నలుగురు తీసుకున్నారు. నా మొహం చూసి మొహమాటపడి తీసుకున్నారని నా అనుమానం.

ఆ మీటింగులోనే ఇంకో సంగతి జరిగింది. అది మీరు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే నేను పెట్టుకోలేదు. లాస్య క్లాసు టీచరు సునీత గారు పిల్లల్ని కొల్లేరు పక్షుల దగ్గరికి తీసుకెళ్తానని రెండేళ్ళుగా అడుగుతున్నారట. కరస్పాండెంటు గారు మా అందరి ముందే ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు మీద. "తల్లిదండ్రుల నుంచి ఒక్క కంప్లయింటు వచ్చిందా టీచర్ గారూ, స్కూల్లో అదే ఆఖరి ట్రిప్పు. సమాధానం కూడా మీరే చెప్పుకోవాలి." సునీత గారు తల ఊపారు. ఆవిడకి అప్పటికి ఉద్యోగం పర్మినెంటు కాలేదు.

బిళ్ళ ఇంటికొచ్చింది. దాని యాప్‌లో కుటుంబ సభ్యులని ఆరుగురి దాకా చేర్చుకోవచ్చు. నేను ఏడో గడి కోసం వెతికినదాన్ని. మావారు, పెంటపాడులో మా అమ్మ, ఉంగుటూరులో మా అక్క, మా అత్తగారు, ఏలూరులో ఆడపడుచు, కైకలూరు అవతల చెరువుల మధ్య పల్లెలో ఉండే చినమామయ్యగారు. ఆయన మా మామగారి తమ్ముడు, చేపల చెరువులు చేస్తారు. ఇలా ఆరుగురినీ చేర్చేసి, ఇక దేశ సరిహద్దు భద్రమైనట్టు ఊపిరి పీల్చుకున్నాను.

మొదటి వారం మహా సుఖంగా గడిచింది. నాలుగో రోజు ఒక ఫోటోలో నేను పెట్టిన బెండకాయ వేపుడు పక్కపిల్ల డబ్బాలో కనబడింది. సాయంత్రం లాస్య చెప్పులు విప్పకముందే అడిగాను.

"బెండకాయ ఎవరికిచ్చావు?"

అది నా వంక కాసేపు చూసి, "నువ్వు చూశావుగా అమ్మా," అంది.

అంతకు ముందు ఆ పిల్ల వీధి మలుపు నుంచే కబుర్లు మొదలుపెట్టేది. ఎవరు పడ్డారు, ఎవరు ఏడ్చారు, ఎవరి పెన్సిలు ఎవరు కొరికారు. నేను పప్పు తాలింపు వేస్తుంటే వెనకాల నిలబడి మొత్తం నడిపించేది. ఆ రోజు నుంచి ఏమడిగినా అదే మాట: "నువ్వు చూశావుగా." రోజుకి రెండొందల ఫోటోలు వస్తున్నాయి, కబురు మాత్రం ఒక్కటీ రావడం లేదు. అది నాకు కనబడలేదు. ఫోను చూడ్డంలో తీరిక లేక.

ట్రిప్పు రోజు వచ్చింది. స్కూలు బస్సు తెల్లవారకుండానే వెళ్ళిపోయింది. నేను దాని వెనకే వెళ్ళానని కొందరంటారు. అది నిజం కాదు. నేను దాని తర్వాతి బస్సులో వెళ్ళాను. చినమామయ్యగారిని చూసి చాలా రోజులైందని నాకు సరిగ్గా ఆ రోజే, ఆ గంటకే గుర్తొచ్చింది. సున్నుండల డబ్బా అందుకే.

చినమామయ్యగారు అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. వాళ్ళ చెరువులో ఆ తెల్లవారుజామునే పట్టుబడి అయింది. అంటే చేపలు పట్టి లారీకెత్తేశారు. వలవాళ్ళు ఆరుగురు వాకిట్లో తడి వల మడతపెట్టుకుంటున్నారు. నేను కూర్చుని మంచినీళ్ళు కూడా తాగకుండా ఫోను తీశాను. ఎర్ర చుక్క అప్పటికే ఆకివీడు దాటి, కైకలూరు దాటి, తిన్నగా నీలంలోకి వెళ్ళిపోయి ఉంది.

"మామయ్యగారూ, స్కూలు బస్సు కొల్లేట్లోకి వెళ్ళిపోయిందండి," అన్నాను.

ఆయన ఫోను అందుకుని కళ్ళజోడు సర్దుకుని చూశారు. "ఏదమ్మా శిరీషా, ఇందులో మన ఇల్లెక్కడో చూపించు."

చూపించాను. అదీ నీలంలోనే ఉంది.

"అయితే ముప్పై ఏళ్ళ నుంచీ మునిగే ఉన్నామన్నమాట. మీ చిన్నత్తయ్యకి చెప్పకు, గుడ్డలు ఆరేసుకుంటోంది."

సంగతేమిటంటే, ఆ మ్యాపులో కొల్లేరంటే ఒకటే నీలం. ఆ నీలంలోనే గట్లున్నాయి, గట్ల మీద రోడ్లున్నాయి, ఊళ్ళున్నాయి, ఊళ్ళల్లో మా చుట్టాలున్నారు. వానాకాలం నీళ్ళున్న చోట ఎండల్లో ఆవులు మేస్తాయి. నేను పెంటపాడు వరిచేల మధ్య పుట్టినదాన్ని. మాకు నీళ్ళంటే కాలవ. అటొక గట్టు, ఇటొక గట్టు, మధ్యలో నీళ్ళు. ఏది నీరో ఏది నేలో ఒకసారి తేలాక మళ్ళీ మారకూడదని నా పట్టుదల.

సిగ్గుపడి కాసేపు బుద్ధిగా ఉన్నాను. ఫోటోలు వస్తున్నాయి. సంచిలాంటి ముక్కుల గూడబాతులు, చెట్ల మీద గూళ్ళు, ఎవరిదో టోపీ, మళ్ళీ గూడబాతులు. తర్వాత ఒక చేపల చెరువు గట్టు. అక్కడా పట్టుబడి జరుగుతోంది కాబోలు, ఆడవాళ్ళు చీరలు మోకాళ్ళ పైకి దోపుకుని తడి గట్టు మీద చేపలు ఏరుతున్నారు. అలాంటివి మూడు ఫోటోలు వచ్చాయి. నేను వాటిని చూసి ఏమీ అనుకోలేదు. అసలు తప్పు అక్కడే ఉంది, కానీ దాని సంగతి తర్వాత.

ఆ తర్వాతి ఫోటోలో నీళ్ళు.

రెండు నిమిషాలకి ఇంకో ఫోటో. నీళ్ళు. మూడో ఫోటోలో నీళ్ళూ, ఒక వెదురు కర్రా. మ్యాపు పెద్దది చేసి చూశాను. ఎర్ర చుక్క గట్టు వదిలి చెరువు మధ్యకి మెల్లగా కదులుతోంది. మా పిల్లకి ఈత రాదు. చుక్క మాత్రం ఈదుతోంది.

సునీత గారికి ఫోను చేశాను. తియ్యలేదు. మళ్ళీ చేశాను, తియ్యలేదు. అప్పుడు, ఆలోచించడానికి పట్టే సమయంలో సగం కూడా పట్టకుండా, స్కూలుకి ఫోను చేసి కరస్పాండెంటు గారితో, "మా పాప చెరువులో ఉందండి, టీచరు ఫోను తియ్యట్లేదండి," అని చెప్పి పెట్టేశాను.

చినమామయ్యగారికి ఫోను చూపించాను. ఈసారి ఆయన నవ్వలేదు. ఆ చెరువెవరిదో ఆయనకి చూడగానే తెలిసింది. అరమైలు కూడా లేదు. "వల ఎత్తండ్రా," అన్నారు వలవాళ్ళతో. వాళ్ళు ట్రక్కు ఆటోలో, మేమిద్దరం మోటారు సైకిలు మీద. దారి పొడుగునా నేను మొక్కిన మొక్కులు తీర్చాలంటే ఇప్పటికీ ఇంటిపనికి ఓ ఏడాది సెలవు పెట్టాలి.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. చెరువుల ప్రాంతంలో మీరు ఎవరింట్లోకైనా చెప్పకుండా వెళ్ళొచ్చు, కాఫీ ఇస్తారు. పరాయివాళ్ళ చెరువు దగ్గరికి వల పట్టుకుని మాత్రం వెళ్ళకూడదు. అది దొంగతనం కిందే లెక్క. ఆ చెరువు కాపలాదారు కర్రా ఈలా ఉన్న మనిషి. తన యజమాని చెరువు మీదికి ఆరుగురు మనుషులు తడి వలతో పరిగెత్తుకు రావడం చూసి ఈల ఊదడం మొదలుపెట్టాడు. వలవాళ్ళ ముందు నేను పరిగెడుతున్నాను. వలవాళ్ళ వెనక అతను పరిగెడుతున్నాడు. అందరి వెనకా చినమామయ్యగారు, "మా కోడలయ్యా, మా కోడలు," అని వివరిస్తూ వస్తున్నారు. అది విని ఆ కాపలాదారు నన్ను ఈ ముఠాకి నాయకురాలు అనుకున్నాడని తర్వాత తెలిసింది.

నా ఎడమకాలి నల్ల చెప్పు గట్టు బురదలో ఉండిపోయింది. జడ ఎప్పుడు విడిపోయిందో తెలీదు. చెరువు మధ్యలో ఒక చిన్న పడవ ఉంది. అందులో ఒకాయన నిలబడి, వెదురు కర్రలకి కట్టిన సంచుల్లో చేపల మేత నింపుతున్నాడు.

"ఏవండీ, మా పాపండీ, అక్కడే ఉందండీ," అని అరిచాను.

ఆయన వెనక్కి తిరిగి పడవంతా చూసుకున్నాడు. పాపం, ఎవరినైనా ఎక్కించుకుని మర్చిపోయాడేమోనని.

వలవాళ్ళలో ఇద్దరు నడుము లోతు నీళ్ళలోకి దిగారు. సరిగ్గా అప్పుడు నా వెనకనుంచి, చాలా మామూలు గొంతుతో, "అమ్మా, నువ్విక్కడికెందుకొచ్చావు?" అని వినబడింది.

లాస్య గట్టు మీద, చేపల కుప్ప పక్కన గొంతుక్కూర్చుని ఉంది. తలకి తువ్వాలు చుట్టుకున్న ఒక మామ్మ దానికి బొచ్చె చేపకీ శీలావతి చేపకీ తేడా చెప్తోంది. మిగతా పిల్లలు చుట్టూ కూర్చున్నారు. సునీత గారు నోట్‌బుక్కుతో నిలబడి ఉన్నారు. ఎవరూ తడవలేదు. తడిసినవాళ్ళు నా తరఫు ఇద్దరే.

నేను లాస్యని గట్టిగా పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మెడ తడిమాను. "బిళ్ళేదే?"

సమాధానం మామ్మ చెప్పింది. "అదిగో, పడవ ముక్కుకి తగిలించాను. నువ్వేనా ఈ పిల్ల అమ్మవి?"

"నేనేనండి."

"మెళ్ళో ఏంటే అది మెరుస్తుందంటే, కెమెరా మామ్మా, మా అమ్మకి కనబడుద్ది అంది. మేం చీరలు పైకి దోపుకుని బురదలో ఉన్నాం. నీకు కనబడతామని మమ్మల్నెవరడిగారమ్మా?"

సునీత గారు మెల్లగా మిగతాది చెప్పారు. మామ్మ అలా అడగ్గానే ఆవిడ పిల్లల చేత బిళ్ళలన్నీ తీయించి సంచుల్లో పెట్టించారట, తన ఫోను కూడా తీసుకెళ్ళి బస్సులో పెట్టి వచ్చారట. లాస్య సంచి బస్సులో ఉండిపోయింది. అప్పుడు మామ్మ, "ఇలా తే. మీ అమ్మని చెరువు చూసుకోమను," అని ఒడ్డునున్న పడవకి తగిలించింది. మేత వేసే ఆయన అది చూడకుండా పడవ తోసుకుపోయాడు. మిగతా నలుగురి తల్లులకీ సంచుల్లోంచి చీకటి ఫోటోలు వెళ్ళాయి. వాళ్ళు ఫోను పాడైందనుకుని వంట చేసుకున్నారు. లోకంలో అలాంటి తల్లులు కూడా ఉంటారు.

అప్పుడు నా ఫోను మోగింది. కరస్పాండెంటు గారు.

"ఏమైందమ్మా? పాప దొరికిందా?"

"ఉందండి. బాగానే ఉందండి."

"హమ్మయ్య. ఆ టీచర్ సంగతి నేను చూసుకుంటాను. ముందే చెప్పాను, ఒక్క కంప్లయింటు వస్తే ఊరుకోనని."

సునీత గారు నా ఎదురుగానే ఉన్నారు. ఆ మాటలు వినబడ్డాయో లేదో కానీ, ఆవిడ చేతిలో నోట్‌బుక్కు మూసేశారు. లాస్య మొదట వాళ్ళ టీచరుని చూసింది. తర్వాత నన్ను చూసింది. రెండు నిమిషాలకో ఫోటో తీసే ఆ బిళ్ళ కన్నా ఆ చూపు చాలా స్పష్టంగా ఉంది.

ఇక్కడ చెప్పకపోతే బాగుండదు, ఒక్క క్షణం నేను నోరు మూసుకుందామనే అనుకున్నాను. తప్పు టీచరుదైతే నేను తెలివైన తల్లిని. తప్పు నాదైతే ఒంటి చెప్పుతో పరాయివాళ్ళ చెరువు మీదికి వలలతో వచ్చినదాన్ని. మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు.

"అది కంప్లయింటు కాదండి," అన్నాను. "పాప నీళ్ళ దగ్గరికే వెళ్ళలేదండి. నేనే పొరపాటు పడ్డాను. టీచర్ గారు చెయ్యాల్సిన పనే చేశారండి."

"ఆ మాట రాసిస్తారా అమ్మా?"

"రాసిస్తానండి."

రాసిచ్చాను. సొంత దస్తూరీతో, పూర్తి పేరుతో. ఆ కాగితం ఇప్పటికీ స్కూలు ఫైల్లో ఉంది. ట్రిప్పుకి పంపడానికి భయపడే తల్లిదండ్రులు ఎవరైనా వస్తే ధైర్యం కోసం అది చదివి వినిపిస్తారని విన్నాను. సునీత గారు అప్పుడు నోట్‌బుక్కు మళ్ళీ తెరిచారు.

మామ్మ నన్ను అంత తేలిగ్గా వదల్లేదు. "మా ఫోటోలు తీసేశావా?"

ఆవిడ ఎదురుగానే తీసేసి చూపించాను.

"నీ ఫోన్లో తీస్తే సరిపోద్దా? ఇంకెవరికెళ్ళాయి?"

ఆరిళ్ళకి, అని చెప్పేసరికి నా తల దానంతటదే వంగిపోయింది. అక్కడే నిలబడి ఒక్కొక్కరికీ ఫోను చేశాను. అది ఇంకో గొడవ. మా అమ్మ అసలు ఫోటోలే చూడలేదు. తీసెయ్యమని చెప్పాక, అవేం ఫోటోలా అని వెతికి, ముగ్గురు ఆడవాళ్ళనీ నిదానంగా చూసి, వాళ్ళ చీరల రంగులు కూడా చెప్పి, అప్పుడు తీసేసింది. మా అక్కా అంతే. మర్చిపొమ్మని చెప్పడానికి ముందు చూపించాల్సి వచ్చింది. ఎదురుగానే ఉన్న చినమామయ్యగారు మాత్రం ఫోను జేబులోంచి తీసి చూడకుండా మామ్మ చేతికిచ్చేసి, "నాకు నొక్కడం రాదమ్మా, నువ్వే చేసుకో," అన్నారు. ఆవిడకి వచ్చు. చేసేసుకుంది.

అయిపోయిందనుకున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. మావారు ఏలూరు నుంచి ఫోను చేశారు.

"శిరీషా, నీ వెనక పరిగెడుతున్న వాళ్ళెవరు?"

"ఎక్కడండీ?"

"ఫోటోలో. చెల్లి ఫోను చేసి వదిన్ని ఎవరో తరుముతున్నారంది."

కేకలు విని మేత వేసే ఆయన పడవని గట్టు వైపు తిప్పాడట. పడవ ముక్కుకున్న బిళ్ళ సరిగ్గా ఆ రెండో నిమిషానికి తన పని తాను చేసింది. ఆ ఫోటోలో నేను మధ్యలో ఉన్నాను. ఒక కాలికి చెప్పు లేదు. జుట్టు గాలికి నిలబడింది. రెండు చేతులూ పక్కలకి చాపి ఉన్నాయి. నోరు ఎంత తెరుచుకుందంటే, మా ఊరి పళ్ళ డాక్టరు చూస్తే అప్పటికప్పుడు లెక్కపెట్టేవాడు. వెనకాల వల, దాని వెనక కర్ర. అది ఆరిళ్ళకీ చేరింది. తీసెయ్యమని ఎంత బతిమాలినా ఎవరూ తియ్యలేదు. మా అత్తగారు తన ఫోను తెరవగానే కనబడేలా పెట్టుకున్నారు.

బిళ్ళని ఆ వారమే తిరిగి ఇచ్చేశాను. ఒకటి రెండు రోజులు నా చెయ్యి ఊరికే ఫోను వైపు పోయేది. మూడో రోజు సాయంత్రం పప్పు తాలింపు వేస్తుంటే వెనకాల అలికిడి. లాస్య వచ్చి నిలబడింది.

"అమ్మా, నీకు తెలీదుగా, ఇవాళ మా క్లాసులో ఏమైందో," అని మొదలుపెట్టింది. తాలింపు మాడిపోయింది. నేను కదల్లేదు.

ఆదివారం అది పక్షుల ప్రాజెక్టు ముందేసుకుని కూర్చుంది. ఒక్కో పేజీలో ఒక్కో పక్షి బొమ్మ అతికించి వివరాలు రాయాలి. కాసేపటికి నా దగ్గరికొచ్చి, "అమ్మా, నీ ఫోటో ఒకటి అతికించుకోనా?" అంది.

"నన్నడుగుతావేం? నాన్నమ్మ ఫోన్లో ఉంది, ప్రింటు తీయించుకో."

"అలా కాదు. ఎవరి ఫోటో అయినా సరే, వాళ్ళనడిగి, సరే అంటేనే అతికించాలని టీచర్ చెప్పింది. నువ్వు వద్దంటే మానేస్తాను."

నేను దాని మెళ్ళో ఆ బిళ్ళ వేసినప్పుడు దాన్ని అడగలేదు. "అతికించుకో అమ్మా," అన్నాను.

పేజీ పూర్తయ్యాక చూపించింది. పైన నా ఫోటో. కింద గుండ్రటి అక్షరాలు.

*పక్షి పేరు: మా అమ్మ. కనబడిన చోటు: చేపల చెరువు గట్టు. గుర్తులు: ఒక కాలు నల్లగా, ఒక కాలు బురదగా ఉంటుంది. అరుపు: చాలా దూరం వినబడుతుంది. ఆహారం: సరిగా తినదు. అలవాట్లు: గూడబాతులాగే పిల్లల కోసం ఎంత దూరమైనా వస్తుంది. పిల్లలు బాగానే ఉన్నా వస్తుంది.*

సునీత గారు దాని కింద ఎర్రసిరాతో పదికి పది వేశారు.

లాస్య పడుకుంది. ఇది రాయడం పూర్తిచేసి, మ్యాపులో మునిగిపోయిన ఊళ్ళన్నిటి సాక్షిగా, ఆ గట్టు బురదలో ఇంకా ఉన్న నా ఎడమకాలి చెప్పు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కూతురు ఏ రోజు ఎక్కడ తిరిగిందో, ఏం చేసిందో ఇక ఏ యంత్రాన్నీ అడగను. అది ఇంటికొచ్చి, చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగాక దాన్నే అడుగుతాను. అదీ ఒక్కసారే.

సరే, రెండుసార్లు.